గాలికి పోయిన ‘కు’

మా తమ్ముణ్ణి అందరూ ఉడుము అంటారు. అసలు పేరు అడిగితే వాడితో పదేళ్ళు పనిచేసినవాళ్ళు కూడా నీళ్ళు నములుతారు. ఉడుంపట్టు సంగతి తెలిసిందేగా, పట్టిందంటే విడవదు. పసివాడుగా ఉన్నప్పుడు నా జడ పట్టుకుంటే అమ్మ వచ్చి ఒక్కో వేలూ విప్పదీయాల్సి వచ్చేది. ఆ చేతులకు తగ్గ పనే దొరికింది వాడికి. పెద్ద పెద్ద భవనాల అద్దాలను బయటి నుంచి కడిగే కంపెనీలో తాడు మనిషి. కడిగేవాడు చెక్కపీట మీద కూర్చుని గోడ వెంట వేలాడుతుంటాడు. పైన డాబా మీద ఇనుప గుంజకు తాడు రెండు చుట్లు చుట్టి, కడిగేవాణ్ణి మెల్లగా కిందికి దింపేవాడు తాడు మనిషి. పిట్టగోడ అడ్డం కాబట్టి వాళ్ళు ఒకరికొకరు కనిపించరు. గొంతే ఆధారం. కింది నుంచి "పట్టు" అని వినబడితే ఆపాలి. "వదులు" అని వినబడితే తాడు ఇంకాస్త వదలాలి. మా తమ్ముడు పైన ఉన్నాడంటే పీట మీది మనిషి పాటలు పాడుకుంటూ అద్దాలు తుడిచేవాడు.

ఆ పాడే మనిషి మా ఆయనే. పైన బామ్మర్ది, కింద బావ, మధ్యలో తాడు. "నా మొగుడి ప్రాణం నీ చేతుల్లో ఉందిరా, జాగ్రత్త" అని నేను ఆటపట్టిస్తే, "అందుకేగా అక్కా, నాకు రోజూ కూర ఎక్కువ వడ్డిస్తావు" అనేవాడు. తొమ్మిదేళ్ళు అలా గడిచిపోయాయి.

ఒక మధ్యాహ్నం మా ఆయన పీట ఒక కిటికీ సజ్జకు తగులుకుని ఒరిగింది. అది జారకుండా ఉండాలంటే తాడు బిగువుగా ఉండాలి. మా ఆయన "వదలకు" అని అరిచాడు. గాలి హోరున వీస్తోంది. మా తమ్ముడి చెవికి చేరింది "వదులు" అని. రోజూ వినే మాటే కదా, బారెడు తాడు వదిలాడు. పీట సజ్జ మీంచి జారింది. గుంజ మీది చుట్లు సర్రున తిరిగాయి. వాడు వదల్లేదు. అరచేతుల తోలు లేచిపోతున్నా వదల్లేదు. అయినా తాడు ఆగలేదు. మా ఆయన మొదటి అంతస్తు రేకుల పందిరి మీద పడ్డాడు. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది.

అంతా ‘కు’ అనే ఒక్క అక్షరం చేసిన పని. ఆ అక్షరం గాలికి కొట్టుకుపోయిందని ఇంట్లో అందరం అనుకున్నాం, కంపెనీ కూడా అదే రాసుకుంది. ఆ తర్వాత అక్కడ కొత్త నియమం వచ్చింది. తాడు దగ్గర ‘వదలకు’ అనే మాట నిషేధం. ఆగాలంటే ‘పట్టు’ అనే అనాలి.

మా ఆయన ఆరు నెలల్లో చేతికర్రతో లేచి నిలబడ్డాడు. కంపెనీలోనే తాళ్ళూ బకెట్లూ సరిచూసే పని ఇచ్చారు. నిలబడనిది మా తమ్ముడే. తాగుడు మొదలుపెట్టాడు. మొదట నిద్ర పట్టడానికన్నాడు. తర్వాత లేవడానికన్నాడు. ఆ తర్వాత కారణాలు చెప్పడం కూడా మానేశాడు. మా ఇంటికొస్తే బావ ఉన్న గదిలోకి అడుగుపెట్టేవాడు కాదు. ఎదురుపడితే నేలలోకి చూసేవాడు. మా ఆయన "ఏరా బామ్మర్దీ, నా మొహం అంత చెడిందా?" అని నవ్వించబోయినా సరే. నేను దర్జీపని చేసుకునేదాన్ని. ఒకడి కాలు కట్టులో, ఇంకొకడి కాళ్ళు తూలుడులో. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. వాణ్ణి తిట్టని తిట్టు లేదు. తిట్టి తిట్టి నా గొంతే బొంగురుపోయింది కానీ వాడి సీసా మాత్రం ఖాళీగా లేదు.

అసలు జబ్బు తాగుడు కాదని నాకు తెలిసింది ఒక పొద్దున. వాడు ఆ రోజు తాగి కూడా లేడు. లంగా నడుముకు వేసే ఎలాస్టిక్ ఒక కొస వాడి చేతికిచ్చి లాగి పట్టుకోమన్నాను. కొలిచాక, మామూలుగా, "ఆఁ, ఇంక వదులు" అన్నాను. అంతే. వాడు ఎలాస్టిక్‌ను గుప్పిట బిగించి మిషను కింద దూరాడు. ఒళ్ళంతా చెమట. పళ్ళు టకటకలాడుతున్నాయి. బ్లౌజు కోసం వచ్చినావిడ భయపడి వెళ్ళిపోయింది. నేను వాడి పక్కన నేల మీద కూర్చుని ఒక్కో వేలూ విప్పదీశాను. విప్పుతూ ఏడ్చాను. ఇన్నాళ్ళూ నేను సీసాను తిట్టాను, వీడు ఒక మాటకు భయపడుతున్నాడు!

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మందు మాన్పించడానికి పది రోజులు మందులిచ్చారు. మన భాషలో ఇది ఎంత విడ్డూరమో చూడండి, వార్డులో అందరూ ఈ ముక్క చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. పదకొండో రోజు డాక్టరు, "ఇంక ఒంట్లో మందు లేదు. దానితో కప్పిపెట్టింది మాత్రం ఉంది. మూడో అంతస్తుకు వెళ్ళండి" అన్నాడు.

మూడో అంతస్తులో పొడవాటి గది. నేల మీద పది చాపలు. రోగితో పాటు ఇంటి మనిషి కూడా చాప మీద పడుకోవాలట! నేర్పే ఆవిడ ఒకప్పుడు ఈత నేర్పేది. మెడలో ఇప్పటికీ ఈల వేలాడుతుంటుంది. నేను ఆవిడకు ఊపిరి మేడం అని పేరు పెట్టాను. "నీళ్ళల్లో కొత్తవాళ్ళు గాలి చాలక కంగారుపడరు. లోపలున్న గాలి వదలరు, అదే అవస్థ. మనమూ అంతే" అని మొదలుపెట్టింది.

"పీల్చండి." మా తమ్ముడు పీల్చాడు. "పట్టండి." పట్టాడు, పట్టడంలో వాణ్ణి కొట్టేవాడెవడు! "వదలండి." గదిలో అందరూ వదిలారు. మా తమ్ముడు వదల్లేదు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం కందగడ్డయింది. ఒక్క ఉదుటున లేచి మెట్లు దిగి పారిపోయాడు.

నేను చెప్పులు వేసుకోకుండా వెనక పరుగెత్తాను. గేటు దగ్గర సైకిళ్ళ వరసలో కూర్చుని ఉన్నాడు. ఊపిరి మేడం కూడా రొప్పుతూ వచ్చింది. కోప్పడలేదు. "ఏ మాట దగ్గర ఆగిపోయావు నాయనా?" అని అడిగింది. ఎంత తిన్నగా అడిగిందో! రెండేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. నేనే చెప్పాను, గాలి, సజ్జ, ‘కు’, అంతా. ఆవిడ, "మాటదేముంది, మారుద్దాం పదండి" అంది.

మళ్ళీ గదిలోకి వెళ్ళి, అందర్నీ కూర్చోబెట్టి, వేరే మాట వెతకమంది. "విడవండి అంటే?" అన్నారెవరో. మాలాగే చాప మీదికొచ్చిన ఒక బస్సు డ్రైవరు చేతులు జోడించాడు. "వద్దు తల్లీ, మా ఆవిడ కోర్టులో అన్న మాట అదే." "ఖాళీ చేయండి?" "అది ఇంటి ఓనరు మాట" అంది ఒకావిడ. "బయటికి పంపండి?" గడియారాలు బాగుచేసే పెద్దాయన నిట్టూర్చాడు. "నన్ను ఎన్ని షాపుల్లోంచి పంపారో!" అందరూ విరగబడి నవ్వారు. అప్పుడు విన్నాను, మా తమ్ముడి నవ్వు. రెండేళ్ళ తర్వాత. నా ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆగాక వాడు మెల్లగా, "మేడం, కథ వింటూ ఊఁ కొడతాం కదా, అలా ఊఁ అంటే చాలదా?" అన్నాడు.

ఊపిరి మేడం ఈల ఊదేసింది! ఊఁ అంటూ ఉంటే గాలి దానంతటదే పోతుందట, ఎంత పొడుగ్గా అంటే గుండె అంత నెమ్మదిస్తుందట. ఆ రోజు నుంచి ఆ గదిలో "పీల్చండి, పట్టండి" తర్వాత ఇరవై గొంతుల "ఊఁ…" మోగేది. కింద అంతస్తువాళ్ళు జనరేటరు అనుకుని మనిషిని పంపారు.

ఇంట్లో సాధన నా నెత్తిన పడింది. ఊఁ కొట్టాలంటే కథ ఉండాలి కదా! నేను మిషను తొక్కుతూ కథ చెప్పడం, వాడు గుండీలు కుడుతూ ఊఁ కొట్టడం. అమ్మ చెప్పిన రాజులూ రాక్షసులూ వారంలో అయిపోయారు. ఇక నా దగ్గరున్నవి కొలతలే. ఎవరి నడుము రెండు అంగుళాలు పెరిగింది, పెరిగినామె నా టేపు తప్పని ఎలా వాదించింది, పోలీసాయన ప్యాంటు ఏ సమయంలో ఏ చోట చిరిగింది. "ఊఁ…" "ఊఁ…" నెల తిరిగేసరికి వాడి ఊఁ ఎంత సాగిందంటే, నేను ఒక కాలరు కుట్టి ముగించేదాన్ని.

క్లాసులో ఇంకోటి చేయించేవారు. వెల్లకిలా పడుకుని, అరికాళ్ళ నుంచి మొదలుపెట్టి ఒంట్లో ఒక్కో చోటునూ పలకరించాలి. నేను మోకాళ్ళ దాకా వచ్చేసరికి గురక పెట్టేదాన్ని. మా తమ్ముడు మాత్రం ఒక రోజు లేచి కూర్చుని, తడి కళ్ళతో, "అక్కా, నా అరచేతులు ఇంకా తాడు పట్టుకునే ఉన్నాయే. ఆ రోజు నుంచి" అన్నాడు. నా నిద్ర ఎగిరిపోయింది. మేడం వాడి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, గుప్పిట గట్టిగా బిగించమంది. ఐదు లెక్కపెట్టింది. ఊఁ అంటూ విప్పమంది. మళ్ళీ బిగించు, మళ్ళీ విప్పు. అరచేతుల్లో తాడు ఒరుసుకున్న మచ్చలు మెరుస్తున్నాయి. మూడు వారాల తర్వాత ఆ చేతుల్లో ఒక తాడు ముక్క పెట్టింది. పామును పట్టుకున్నట్టు విసిరేశాడు. నాలుగో రోజు పట్టుకున్నాడు.

అంతా నున్నగా సాగిందనుకునేరు. నలభై ఒకటో రోజున తాగొచ్చాడు. నోటికి ఏది వస్తే అది అన్నాను, కత్తెర కూడా విసిరాను, గోడకు తగిలింది. "నువ్వు మారే రకం కాదురా" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఊపిరి మేడం మాత్రం ఒక్కటే అడిగింది. "తాగాలనిపించే ముందు, ఒంట్లో ఎక్కడ మొదలైంది?" వాడు తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "బొటనవేళ్ళలో. జివ్వుమంటాయి మేడం. తర్వాత భుజాలు. ఆ తర్వాత కాళ్ళు దుకాణం వైపు నడుస్తాయి." మేడం మొహం వెలిగిపోయింది. "అయితే ఇంకేం! ఈసారి బొటనవేళ్ళ దగ్గరే కలుసుకుందాం దాన్ని." శత్రువు చిరునామా దొరికింది! ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో, గుండీ కుడుతున్నవాడు సూది పక్కన పెట్టి, గుప్పిళ్ళు బిగించి విప్పి, ఊఁ అని, మళ్ళీ సూది అందుకునేవాడు. నేను చూడనట్టు నటించేదాన్ని. లోపల గంతులేసేదాన్ని.

నాలుగో నెలలో ఒక మంగళవారం వాడే చెయ్యెత్తాడు. "మేడం, ఈ రోజు ఆ మాటే చెప్పండి." డ్రైవరు వచ్చి వాడి వెనక కూర్చున్నాడు, పడితే పట్టుకోవడానికి. "పీల్చండి. పట్టండి." మేడం కూడా ఒక్క క్షణం తడబడింది. "వదులు, నాయనా." వాడి గడ్డం వణికింది. అరచేతులు విచ్చుకున్నాయి. వాడి ఊపిరి నెమ్మదిగా, పూర్తిగా, చివరిదాకా బయటికి వచ్చింది. ఇంక చూడండి ఆ గోల! ఈల, చప్పట్లు, గడియారాల పెద్దాయన డాన్సు! పక్క వార్డు నర్సు తిట్టడానికొచ్చి తనూ చప్పట్లు కొట్టి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే కంపెనీ మేస్త్రి కబురంపాడు. ఒక తాడు మనిషి మానేస్తున్నాడు, ఉడుముకు ఇష్టమైతే శనివారం పరీక్ష, నెగ్గితే పని, లేకపోతే బయటి మనిషిని పెట్టుకుంటాం అని. మా తమ్ముడు నాతో సూటిగా చెప్పాడు. "ఈ చేతులకి వేరే పని రాదక్కా. గుండీలు కుట్టుకుంటూ ఎన్నాళ్ళు నీ మిషను పక్కన కూర్చుంటాను? శనివారం చేతులు వణికితే, ఆ రోజు సాయంత్రం బొటనవేళ్ళు నా మాట వినవు. నాకు తెలుసు." నాకూ తెలుసు. అందుకే ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

శనివారం కంపెనీ గోడౌను దగ్గర చేరాం. మూడంతస్తుల గోడ. మొదట ఇసుక బస్తాలు. ఎంత నున్నగా దింపాడంటే మేస్త్రి నోరెళ్ళబెట్టాడు. తర్వాత మనిషి ఎక్కాలి. నడుముకు విడిగా రక్షణ తాడు కడతారు, దాన్ని మేస్త్రి చూసుకుంటాడు. ఇప్పుడు వాకీటాకీలు ఉన్నాయి కానీ అవి మొరాయిస్తే గొంతే గతి కాబట్టి పరీక్ష గొంతుతోనే. మా ఆయన చేతికర్ర పక్కన పెట్టి, "నేనెక్కుతా" అన్నాడు. బస్తాలు దింపి కిందికొచ్చిన మా తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు ఆ కాలితో ఎక్కొద్దన్నాడు కూడా. మిగతా పనివాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తప్పుకోండి, నేనెక్కుతా. తాడో పేడో తేలిపోవాలి" అన్నాను.

మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి, "అమ్మా, మరి బరువు…" అన్నాడు.

"బస్తాలు దింపలేదా? ఇంకో బస్తా అనుకో."

చీర ఎగదోపి ప్యాంటు తొడుక్కుని, డాబా ఎక్కి, నడుముకు పట్టీలు బిగించుకుని పిట్టగోడ దాటాను. అయ్యబాబోయ్! కాళ్ళ కింద ఏమీ లేదు. కింద మా ఆయన తల అణా బిళ్ళంత ఉంది. "వదులు!" అన్నాను. పీట కదిలింది. ఎంత మెత్తగా! "పట్టు!" ఆగింది. "వదులు!" దిగింది. నాకు నవ్వు ఆగలేదు. నా తమ్ముడు నన్ను గాల్లో మోస్తున్నాడు! ఈ మాట అందరికీ వినబడేలా అరవాలనిపించింది.

రెండో అంతస్తు దగ్గర పీట కొస సజ్జకు తగులుకుంది. ఒక పక్కకు ఒరిగిపోయాను. కళ్ళు బైర్లు కమ్మాయి. నా నోట్లోంచి కేక వచ్చింది, రెండుసార్లు. తాడు వదిలాడా, అయిపోయాను అనుకుని కళ్ళు మూసుకున్నాను.

తాడు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పైనుంచి వాడి గొంతు, తొణక్కుండా, "అక్కా! సరిగా వినబళ్ళేదు. ఏం కావాలో మళ్ళీ చెప్పు!"

మళ్ళీ చెప్పు. ఆ రెండు ముక్కలు విన్నాక నాకు ధైర్యం వచ్చింది. "పట్టు" అన్నాను. "పట్టాను!" అన్నాడు. కాలితో సజ్జను తన్ని పీటను విడిపించుకున్నాను. ఊగి, గోడకు భుజం కొట్టుకుని, నిలబడ్డాను. "వదులు" అన్నాను. నేల నా కాళ్ళ కిందికి వచ్చింది.

పట్టీలు విప్పుకుంటూ మా ఆయన్ని చూసి, "చూశారా! ‘వదలకు’ అన్నానని మేస్త్రి తిడతాడేమో, కానీ మా వాడు…" అని మొదలుపెట్టాను. మా ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఏమే, నువ్వన్నది ‘వదలకు’ కాదు. ‘వదులు, వదులు’ అన్నావు."

"నేనా? ఛ!"

"రెండుసార్లు. నా చెవులతో విన్నాను. ఇక్కడ గాలి కూడా లేదు."

పైనుంచి మేస్త్రి కూడా తొంగిచూసి అదే చెప్పి, ఉడుము నెగ్గాడన్నాడు. నేను గుర్తు తెచ్చుకున్నాను. నిజమే. మనసులో ఉన్నది వదలకు, భయానికి నోరు తిరిగింది అప్పటిదాకా అంటున్న ఆ మాటకే. మా ఆయన బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. "ఆ రోజు నేను వదలకు అనే అన్నానని ఇన్నాళ్ళూ ఒట్టేసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను" అన్నాడు.

మా తమ్ముడు మెట్లు మూడేసి దిగుతూ వచ్చాడు. నవ్వుతూ వచ్చినవాడు మమ్మల్ని చూసి ఆగాడు. నేను నోరు తెరిచే లోపే మా ఆయన చెప్పేశాడు. "ఒరే, గాలి తప్పు కాదేమోరా. నీ చెవి తప్పు అసలే కాదేమో. నేనే తప్పు మాట అరిచానేమో. నాకు తెలీదురా. నిజంగా తెలీదు."

నాకు భయం వేసింది. ఎవరి తప్పో తెలియని ఒక్క మాట కోసం రెండేళ్ళు కాలిపోయిన మనిషి, ఇప్పుడు ఎవరి మీద పడతాడో! వాడు బావ ముందు గొంతుక్కూర్చున్నాడు. నేలలోకి చూడలేదు. మా ఆయన మొహంలోకి, కళ్ళల్లోకి, రెండేళ్ళ తర్వాత తిన్నగా చూశాడు.

"ఏదన్నా కానీ బావా, నేను మళ్ళీ అడగాల్సింది."

"నేను మళ్ళీ అరవాల్సిందిరా" అన్నాడు మా ఆయన.

ఇద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. నేనేడుస్తుంటే కూడా పట్టించుకోలేదు. ఆఖరికి మా తమ్ముడే ముక్కు తుడుచుకుని అడిగాడు.

"సోమవారం ఎన్నింటికి రావాలి బావా?"

"ఏడింటికి" అన్నాడు మా ఆయన.